గంప కన్నా ముందు

నాకు అమ్మవారి కన్నా గంపంటేనే ఎక్కువ భయం. ఈ మాట ఇప్పటి పిల్లలతో అంటే తాతకు చాదస్తం ముదిరిందని నవ్వుకుంటారు. వాళ్ళకు అమ్మవారూ తెలియదు, గంపా తెలియదు. తెలియకపోవడమే మంచిది, నాకు సంతోషమే. కానీ తెలియనివాళ్ళకు మా అక్క సంగతి చెప్పాలంటే ముందు గంప సంగతి చెప్పాలి.

బస్తర్ ఇంకా రాజ్యంగానే ఉన్న రోజులవి. మశూచికి టీకాలు వేసే ఉద్యోగం నాది. మా దిగువ ఊళ్ళలో ఎవరూ దాన్ని మశూచి అనేవాళ్ళు కాదు, అమ్మోరు వచ్చింది అనేవాళ్ళు. ఒంటి మీద లేచే పొక్కులు ముత్యాలు. ఇంటికొచ్చిన తల్లిని కసురుకోకూడదు. వేపమండలతో విసిరి, చల్లటి అంబలి పెట్టి, మర్యాదగా సాగనంపాలి. ఆ సాగనంపడానికే గంప. కొత్త వెదురు గంపలో పసుపు, కుంకుమ, ఒక కోడిపిల్ల, జబ్బు పడినవాళ్ళు కట్టుకున్న బట్టలు పెట్టి, డప్పులతో తీసుకెళ్ళి పక్క ఊరి పొలిమేరలో దింపి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేవాళ్ళు. పక్క ఊరివాళ్ళు దాన్ని చూసి గుండెలు బాదుకుని, తామూ ఒక పూజ చేసి, అవతలి ఊరి పొలిమేరకు మోసేవాళ్ళు. అలా ఊరు ఊరూ మోసుకుంటూ తల్లిని రాజ్యం దాటించాలని వాళ్ళ ఆశ.

జగదల్‌పూర్‌లో మా పైన ఒక డాక్టరుగారు ఉండేవారు. జబ్బు ఎలా నడుస్తుందో కనిపెట్టాలని ఆయనకు మహా పట్టుదల. ప్రతి ఇంట్లోనూ నన్ను ఒకటే అడిగి రమ్మనేవారు: ఈ ఇంటికి ఎవరొచ్చారు, ఇక్కడి నుంచి ఎవరెక్కడికి పోయారు. తోంగ్‌పాల్ నుంచి దిగువకు అడుగుతూ అడుగుతూ నడిచాను. ఒక ఊళ్ళో హల్బీ, ఇంకో ఊళ్ళో గోండి, కిందికి వస్తే దోర్లి, ఇంట్లో తెలుగు. "అసలు నొప్పే ఉండదు" అనే అబద్ధాన్ని నాలుగు భాషల్లో తడుముకోకుండా చెప్పగలిగేవాణ్ణి. అలా తిరగగా తిరగగా తేలిందేమిటంటే, గంప ఏ దారిన పోతే జబ్బూ ఆ దారినే పోతోంది. ఎండిన పొక్కుల చెక్కులు ఆ బట్టల్లోనే ఉండేవి మరి. ఈ మాట చెబితే డాక్టరుగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. గంప వెనక పోయి ఏడ్చి లాభం లేదు, దానికన్నా ముందు పో, అది దిగబోయే ఊళ్ళో ముందే టీకాలు వెయ్యి అన్నారు. అప్పటి నుంచి నా బతుకంతా గంపతో పరుగుపందెమే.

ఇక అక్క. మా అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. నన్ను చంకనేసుకుని తిప్పింది, గోరుముద్దలు పెట్టింది, నాలుగు తగిలించి బడికి తోలింది, అంతా అక్కే. నేను ఉద్యోగంలో చేరిన ఏడే ఆమెకు పెళ్ళయింది. వాగు అవతలి ఊళ్ళో తెలుగు రైతుల ఇంటికి ఇచ్చాం. నాకప్పటికి మీసాలు వచ్చాయి కానీ, ఆమె బండెక్కుతుంటే కొట్టం వెనక్కి పోయి చిన్నపిల్లాడిలా ఏడ్చాను. తర్వాత గంప ఏ దారిన పోయినా నా దారి మాత్రం అక్క ఊరి మీదుగానే పోయేది. జగదల్‌పూర్‌లో నా పైవాళ్ళకు ఆ వంకర దారి ఎప్పుడూ అర్థం కాలేదు. వెళ్ళగానే తిట్టేది, ఆనక తలకు నూనె పెట్టేది. పక్కింటి దోర్ల తెగ ఆడవాళ్ళ దగ్గర ఎర్రచీమల పచ్చడి నూరడం నేర్చుకుని, నా చేత తినిపించి, నా కళ్ళల్లో నీళ్ళు చూసి పకపకా నవ్వేది. ఆ నవ్వు కోసం ఎన్ని చీమలైనా తినేవాణ్ణి.

అయితే అక్కకు టీకా లేదు. ఆ ఊరు టీకా వద్దన్న ఊరు. వెళ్ళినప్పుడల్లా చెయ్యి పట్టుకునేవాణ్ణి, వెళ్ళినప్పుడల్లా విడిపించుకునేది.

"ఊరు ఊరంతా ఏపిచ్చుకుంటె నేనూ ఏపిచ్చుకుంట తమ్మీ. నేనొక్కదాన్నే ఏపిచ్చుకుంటె తల్లి నన్ను ఇడిసిపెట్టి మిగతోళ్ళ మీద పడ్తది. రేపు ఎవలింట్ల పిల్లగాడు పోయినా నా దిక్కే చూస్తరు. గట్ల బతకమంటవా?"

ఆ ఊరికి ఒక ధైర్యం ఉండేది, కంప. చుట్టుపక్కల అమ్మవారు వచ్చిందని తెలియగానే ఊళ్ళోకి వచ్చే దారులన్నిటికీ అడ్డంగా ముళ్ళకంప కొట్టేసేవాళ్ళు. లోపలివాళ్ళు బయటకు పోరు, బయటివాళ్ళు లోపలికి రారు. కంప ఉన్నన్నాళ్ళూ ఎవరినీ పేరు పెట్టి పిలవకూడదు. తల్లి వింటుందట, విని ఆ పేరు పట్టుకుని వస్తుందట. వరసలతోనే పిలుచుకోవాలి. ఆ అలవాటేమో, ఇప్పుడు రాస్తున్నా నాకు ఎవరి పేరూ రాయబుద్ధి కావడం లేదు.

ఆ ఏడు గంప దంతెవాడ వైపు నుంచి దిగువకు మళ్ళింది. ఎండలు ముదురుతున్నాయి, ఇప్పపువ్వు రాలడం మొదలైంది. దారి చూస్తే అక్క ఊరు దాని దారిలోనే ఉంది. ఉన్న మందు తీసుకుని ఉరుకులు పరుగుల మీద వెళ్ళాను. వాగు ఇవతలికి చేరేసరికి అవతల కంప. కంప వెనక ఆ ఊరి వడ్డె, అంటే దేవతల పూజలు చేసే పెద్దాయన, కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఆడ్నే ఆగు బిడ్డా. ఏడికెళ్ళి వస్తన్నవ్?" అని అరిచాడు.

"అమ్మోరున్న ఊళ్ళ నుంచే వస్తున్నా."

"మరి నిన్నెట్ల రానిస్త? నువ్వే చెప్పు."

ఏం చెప్పను? జబ్బు ఇళ్ళలో కూర్చుని లేచి వచ్చినవాణ్ణి. నా పంచెకు ఏం అంటుకుందో నాకే తెలియదు. డాక్టరుగారు నాకు నేర్పిందీ, వడ్డె నన్ను అడిగిందీ ఒకటే. ఆయన చోట నేనున్నా నన్ను రానిచ్చేవాణ్ణి కాదు. అది తెలిసి కూడా ఒళ్ళు మండిపోయింది. నా సొంత అక్క అక్కడుంది, మధ్యలో మోకాలి లోతు నీళ్ళు ఉన్నాయి.

"మా అక్కను ఒక్కసారి ఒడ్డుకు పిలువు, చూసి పోతా" అన్నాను.

"ఎట్లొస్తది? పురిట్ల ఉన్నది. ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా మంచిగనే ఉన్నరు."

నాకు మేనకోడలు పుట్టిన కబురు అలా తెలిసింది, కంప అవతలి నుంచి, అరుపుల్లో. సంతోషించాలో భయపడాలో తెలియక ఇసుకలో కూలబడ్డాను.

వాగు నడిమధ్యలో ఒక పెద్ద బండ ఉండేది. దాన్ని చూస్తూ చూస్తూ ఉంటే ఆలోచన తట్టింది. అది ఈ ఊరిదీ కాదు, ఆ ఊరిదీ కాదు. నేను వాగులో తల మునిగేలా స్నానం చేసి, ఉతికి ఎండబెట్టిన బట్ట కట్టుకుని బండ మీద కూర్చుంటాను, ఇష్టమున్నవాళ్ళు అటు నుంచి వచ్చి చెయ్యి చాపండి, మళ్ళీ మునిగి పొండి అన్నాను. వడ్డె దేవతనడిగి చెబుతానని పోయాడు. పొద్దు వాలుతుండగా వచ్చి, పారే నీళ్ళను తల్లి దాటదు, కానియ్ అన్నాడు. ఎన్నేళ్ళుగా వద్దన్న ఊరు అలా ఒప్పుకుంది. వేరే ఏడాదైతే ఎగిరి గంతేసేవాణ్ణి. ఇప్పుడు మాత్రం ఒక్క చేతి కోసమే నా తాపత్రయం. ఆ చెయ్యి మాత్రం రాదు. పురుటి మైలతో వాగు ముట్టకూడదు.

మందు గురించి కూడా చెప్పాలి. సన్నటి గాజు గొట్టాల్లో వచ్చేది, ఎండ తగిలితే చచ్చిపోయేది. తడిగుడ్డ చుట్టి, సొరకాయ బుర్రలో పెట్టి, దారిలో ఎక్కడ నీళ్ళు కనిపిస్తే అక్కడ తడిపేవాణ్ణి. ఆ ఎండల్లో, అంత దూరం మోసుకొచ్చిన మందు ఇంకా బతికుందో లేదో నాకే నమ్మకం లేదు. బండ మీద వచ్చినవాళ్ళందరికీ వేశాను. అందరికన్నా ముందు చెయ్యి చాపింది మంత్రసాని. మనిషి నల్లగా, గట్టిగా, సూదిని చూసి నవ్వేసే రకం. అక్కకు పురుడు పోసింది ఆమే.

తర్వాత ఇసుకలోనే ఒక పందిరి వేసుకుని ఉండిపోయాను. పురుటి పాక వాగు ఒడ్డుకు దగ్గరే. మధ్యాహ్నాలు అక్క గొంతు వినిపించేది. పాపాయిని ఊరుకోబెడుతూ, నా చిన్నప్పుడు నన్ను పిలిచిన ముద్దుమాటలతోనే ఆ పిల్లనూ పిలిచేది. "తమ్మీ, తిన్నవా?" అని పాకలోంచి అరిచేది. తిన్నానని అరిచేవాణ్ణి. "ఏం తిన్నవ్?" అనేది. ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. "అబద్ధం!" అనేది. మనిషి కనబడదు, మాట వినబడుతుంది. ఆ మాట కోసం పొద్దస్తమానం చెవులు రిక్కించుకుని కూర్చునేవాణ్ణి. ఇంత వయసొచ్చాక కూడా మధ్యాహ్నం కాస్త నిద్ర పడితే ఆ పిలుపు వినబడి లేస్తాను.

వారం తిరిగింది. ఒక్కొక్కరే వచ్చి చేతులు చూపించారు. ఎవరి చేతి మీదా ఏమీ లేదు. మందు దారిలోనే చచ్చిపోయింది. మంత్రసానికి మాత్రం, మొదటి గొట్టంలో కాస్త ప్రాణం మిగిలిందేమో, చక్కగా నీరు నిండిన పొక్కు లేచింది. ఊరు మొత్తానికి ఒక్క పొక్కు. చేతి నుంచి చేతికి టీకా ఎక్కించే పాత పద్ధతి ఒకటి ఉండేది. అప్పటికి దాన్ని సర్కారు మాన్పించింది. నేను మానలేదు, ఆ పూట మానలేదు. సూదిని నీళ్ళలో మరిగించి బండ మీద పెట్టి, మంత్రసానికి అంతా అరిచి చెప్పాను: నీ చేతి మీది పొక్కు గిల్లి, ఆ నీరు మా అక్క చేతికి ఎక్కించు, పాపాయికీ ఎక్కించు, ఆ ఒక్కటే ఇద్దరికీ సరిపోతుంది.

ఆమె ముఖం చిట్లించింది. "ముత్తెం తల్లి ఇచ్చింది. ఒక్క ముత్తెం ఒక్కలకే. ఇద్దరికి పంచుతె తల్లికి కోపమొస్తది" అంది.

ఎంత బతిమాలినా, ఎంత అరిచినా ఆ మాట మారలేదు. సరే, ఒక్కరికే అయితే అక్కకే వెయ్యి, ఆవిడ పాలు తాగే పిల్లను తర్వాత నేను చూసుకుంటా అన్నాను. తల ఊపి, సూది తీసుకుని పోయింది.

మైల తీరిన రోజు ఉదయం అక్క ఒడ్డుకు వచ్చింది. ఆకుపచ్చ చీర, పసుపు ముఖం, చంకలో గుడ్డల మూట. సన్నబడింది. నన్ను చూడగానే ఎప్పటిలాగే తిట్టింది.

"ఏంది తమ్మీ, గట్ల ఎండుకపోయినవ్? అద్దంల మొకం చూసుకున్నవా?"

"నా ముఖం సంగతి తర్వాత. చెయ్యి చూపించక్కా!" అని అరిచాను.

అక్క నవ్వింది. చంకలోని గుడ్డ విప్పి, వేలెడంత చెయ్యి ఒకటి బయటకు తీసి, నాకు కనబడేలా పైకెత్తి పట్టుకుంది.

ఆ క్షణంలో నాకు వచ్చింది దుఃఖం కాదు, కోపం. ఒడ్డున నిలబడి నోటికొచ్చినట్టు తిట్టాను. పెద్దదానివి అనుకున్నాను, బుర్ర లేదు నీకు అన్నాను. తను నిదానంగా విని, "అయిపోయిందా?" అంది. "నీకు పిల్లలు పుడితె తెలుస్తదిలే. నువ్వున్నవ్ గద, మళ్ళ మందు తెచ్చి నాకేస్తవ్."

పోనీ, ఆ పిల్ల చేతి మీద పొక్కు లేచాక దాన్నుంచి నువ్వు వేయించుకో అన్నాను. పాపాయిని గుండెకు హత్తుకుని రెండడుగులు వెనక్కి వేసింది. నేనేదో వాగు దాటి వచ్చి ఆ చెయ్యి గిల్లేస్తానన్నట్టు చూసింది. ఇక వాదించి లాభం లేదని ఆ పూటే జగదల్‌పూర్ బయల్దేరాను. వంపు తిరిగేదాకా వెనక్కి చూస్తూనే నడిచాను. అక్క అక్కడే నిలబడి ఉంది. అంత దూరం నుంచి కూడా ఏదో జాగ్రత్త చెబుతోంది, మాటలు అందలేదు. అవేమిటో ఎవరైనా చెబితే వినాలని నాకు ఇప్పటికీ ఉంది.

జగదల్‌పూర్‌లో మందు అయిపోయింది. బయటి నుంచి రావాలి. రోజూ పొద్దున్నే బండ్లు వచ్చే దారిలో పోయి నిలబడేవాణ్ణి. వచ్చేసరికి ఎండలు మరీ ముదిరిపోయాయి. చేతికందగానే పగలంతా తడిగుడ్డలు తడుపుకుంటూ పరుగెత్తాను.

వాగు దగ్గరికి వచ్చేసరికి అవతల కంప లేదు. దారి తెరిచి ఉంది. నేను బండ మీద ఆగి కేకవేశాను. ఎవరూ నన్ను ఆగమనలేదు. అప్పుడు అర్థమైంది. బయటి తల్లికే కంప. లోపలికి వచ్చేసిన తల్లికి కంప ఉండదు.

ఎలా వచ్చిందో తర్వాత తెలిసింది. దారులన్నిటికీ కంప కొట్టారు కానీ, అడవిలో ఎవరి ఇప్పచెట్లు వాళ్ళకున్నాయి. సొంత చెట్టు కిందికి పోవడం వాళ్ళ లెక్కలో ఊరు దాటడం కాదు, పెరట్లోకి పోవడం లాంటిది. తెల్లవారుజామున పువ్వు ఏరడానికి ఈ ఊరి ఆడవాళ్ళూ, పక్క చెట్ల కింద అమ్మోరున్న ఊళ్ళ ఆడవాళ్ళూ చేరారు. ఒకరి పిల్లను ఒకరు ఎత్తుకుని, ఒకే కుండలో నీళ్ళు తాగి వచ్చారు. అంత తెలివిగా కట్టుకున్న కంప, ఇప్పచెట్టు దగ్గర తప్పిపోయింది. అక్క కూడా, ఒంట్లో ఓపిక రాగానే, తన చెట్టు కిందికి పోయింది.

మంత్రసాని పాపాయిని తెచ్చి నా చేతుల్లో పెట్టింది. పిల్ల నున్నగా, బొద్దుగా ఉంది. ముంజేతి పైన టీకా మచ్చ కొత్తగా మెరుస్తోంది. అక్క గురించి నేను అడగలేదు. బావ గుమ్మంలో తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు, అడగనక్కర్లేకపోయింది.

కాసేపటికి, అక్కది ఏదైనా ఒకటి ఇవ్వమన్నాను. గాజో, రవికో, ఏదైనా సరే. వడ్డె తల అడ్డంగా ఊపాడు.

"అన్నీ గంపల పెట్టినం బిడ్డా. పొద్దుగూకంగ సాగదోలుడే."

అమ్మవారి గద్దె దగ్గర, కొత్త గంప, మూత కట్టి ఉంది. ఇక్కడే కాల్చేద్దాం అన్నాను. వడ్డె చూసిన చూపుకు మళ్ళీ ఆ మాట ఎత్తలేకపోయాను. ఆ ఊళ్ళో మిగిలినవాళ్ళకు టీకాలు వేశాను. మిగిలిన మందు చూసుకున్నాను. గంప దిగబోయే ఊరు ఏదో నాకు తెలుసు. పాపాయిని మంత్రసాని చేతికిచ్చి, అడ్డదారిన అడవిలో పడ్డాను. ఏడవడానికైనా ఒక పూట ఆగి ఉండాల్సింది. ఆగితే గంప నాకన్నా ముందు పోతుంది.

పక్క ఊరివాళ్ళు మంచివాళ్ళు. భయంతోనో, నా వాలకం చూసి జాలితోనో, అందరూ చేతులు చాపారు. చివరి పిల్లకు వేస్తుండగా డప్పులు వినిపించాయి. నా జీవితంలో ఎన్నోసార్లు విన్న డప్పులే. ఎప్పుడూ వాటిని విని పరుగెత్తేవాణ్ణి. ఆ సాయంత్రం మాత్రం అవి దగ్గరవుతుంటే, ఎవరో నాకు కావలసిన మనిషి వస్తున్నట్టుగా పొలిమేరకు ఎదురు వెళ్ళాను. వాళ్ళు గంప దింపి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయారు.

ఊరి పెద్ద వచ్చాడు. దీన్ని ఇక మోయకండి, ఇక్కడే నిప్పు పెడదాం, మీకందరికీ టీకాలు పడ్డాయి, తల్లికి ఈ ఊళ్ళో ఇక పని లేదు అని చెప్పాను. ఆయన గంపకు దూరంగానే ఆగాడు.

"పరాయోళ్ళం మేం కాలిస్తె తల్లి ఊకోదు. ఇంటోళ్ళు తమ చేతుల్తోని సాగదోలితె ఏమనదు. గీ బట్టలు ఎవలియో, ఆ ఇంటోళ్ళు ఏడున్నరు?"

"నేనే" అన్నాను.

కర్రతో మూత తొలగించాను. అన్నిటికన్నా పైన ఆకుపచ్చ చీర ఉంది. అది మొహానికి ఆనించుకోవాలని నా ప్రాణం కొట్టుకుపోయింది. నాకేమీ కాదు, నాకు టీకా ఉంది. కానీ మర్నాడు పొద్దున్నే ఇంకో ఊరికి పోయి, అవే చేతులతో అక్కడి పిల్లల చేతులు పట్టుకోవాలి. నిప్పు పెట్టాను. ఎండలకు ఎండిన వెదురు, క్షణంలో అంటుకుంది.

ఆ ఏడు ఆ దారిన అమ్మవారు ఇంకో ఊరికి పోలేదు. డాక్టరుగారు ఎంతో మెచ్చుకున్నారు. మేనకోడలు నా దగ్గరే పెరిగింది, నవ్వితే అచ్చం వాళ్ళమ్మే. నేను చేసింది సరైన పనేనని నాకు తెలుసు, ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా ఆ చీరను ఒక్కసారి ముట్టుకుని ఉంటే బాగుండేదని అనిపించని రోజు ఇంతవరకు నాకు లేదు.